నీకా అధికారం ఎక్కడిది?

సర్కారు వకీలు జనార్దనయ్య ఊపిరి పీల్చడమైనా ఒక పూట మానేవాడేమో గానీ, ఎదుటివాణ్ణి "నీకా అధికారం ఎక్కడిది?" అని అడగడం మాత్రం మానేవాడు కాదు. తన పెళ్ళిలో తాళి కట్టమన్న పురోహితుణ్ణి కూడా అడిగాడట. జవాబు వచ్చేసరికి ముహూర్తం దాటిపోయిందట. ఆత్మకూరులో ఆయన వీధి కోళ్ళు కూసే ముందు ఒకసారి ఆయన కిటికీ వైపు చూసుకునేవని చెప్పుకునేవారు.

ఈ ప్రశ్నకు అందరికంటే ఎక్కువగా బలైనవాడు ఆయన బండి తోలే ఆదెయ్య.

"ఒరే, ఎద్దును కొడుతున్నావే, నీకా అధికారం ఎక్కడిది?"

"ఎద్దులు నావే గదయ్యా."

"ఎద్దు నీది. నొప్పి ఎవరిది?"

ఆదెయ్య చెర్నకోలను అటకెక్కించేశాడు. ఆనాటినుంచి ఎద్దులు బలిశాయి, ఆదెయ్య డస్సిపోయాడు. ఆత్మకూరులో గడ్డం గీయించుకుని బయల్దేరితే, ఉదయగిరి చేరేసరికి మళ్ళీ మంగలిని వెతుక్కోవాల్సి వచ్చేది.

పెద్ద కరువు పోయిన మరుసటి ఏడు, తుపాకీకి లైసెన్సు ఉండాలని రాణీగారి కొత్త చట్టం వచ్చింది. ఉదయగిరి కొండ కింద ఆదెయ్య చెల్లెలు మాలకొండమ్మకు కరువు మిగిల్చింది గుప్పెడు గొర్రెల్ని. అన్నీ చూడివే. చుట్టుపక్కల కౌజు పిట్టలకు మేత దొరికేది ఆమె బీడులోనే. నారాయణయ్య అనే షికారీ లైసెన్సు జేబులో పెట్టుకుని అక్కడే వాటిని కాల్చేవాడు. తుపాకీ పేలినప్పుడల్లా గొర్రెలు బెదిరిపోయేవి. రెండింటికి కడుపులు పోయాయి కూడా. ఊరి మునసబు పెంచలనరసయ్య జాలిపడి, పొలిమేరలో తుపాకీ పేల్చరాదని దండోరా వేయించాడు.

నారాయణయ్య అర్జీ పెట్టుకున్నాడు. తాను ఇచ్చిన లైసెన్సును కాదనడానికి ఊరి మునసబు ఎవరని సర్కారుకు కోపం వచ్చి, దావా వేసింది. ఆ ప్రశ్న అడగడానికి జనార్దనయ్యను మించినవాడు ఇంకెవడు?

దారిపొడుగునా ఆదెయ్య బతిమాలాడు. "ఈ ఒక్క కేసూ ఓడిపోండయ్యా. మా చెల్లికి ఆ గొర్రెలు తప్ప ఇంకేం లేవు."

"ఓడిపొమ్మనడానికి నీకా..."

"లేదులేయ్యా. తెలుసు."

ఉదయగిరి కచేరీలో దొర ముందు జనార్దనయ్య గొంతు సవరించుకున్నాడు. "మునసబుగారూ, తుపాకుల సంగతి రాణీగారి చట్టం చూసుకుంటుంది. దాని మీద దండోరా వేయడానికి మీకా అధికారం ఎక్కడిది?"

"గొర్రెల కోసం వేయించినానయ్యా."

"గొర్రెలిచ్చాయా అధికారం?"

కచేరీ గొల్లుమంది. వెనక నిలబడ్డ ఆదెయ్యకు నవ్వు రాలేదు. దండోరా చెల్లదని దొర తీర్పు చెప్పేశాడు. నారాయణయ్య తుపాకీ భుజాన వేసుకుని తిన్నగా బీడుకే దారితీశాడు.

"వాడి వెనకే పోనీరా, తొందరగా!" అంటూ జనార్దనయ్య బండెక్కాడు. గెలుపు కళ్ళారా చూసుకోవడానికి కాబోలనుకున్నాడు ఆదెయ్య. ఎద్దులు మాత్రం ఎప్పటిలాగే నింపాదిగా నడిచాయి.

"చెర్నకోల ఏదిరా?"

"అటక మీద ఉండాదయ్యా."

జనార్దనయ్య కిందికి దూకి, పంచె ఎగ్గట్టి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తగలడని ఆదెయ్యకు ఆనాడే తెలిసింది.

నారాయణయ్య అప్పుడే ముళ్ళకంచె మీదికి కాలెత్తాడు.

"ఆగు! ఎక్కడికి?"

"కౌజులకయ్యా. ఇప్పుడే గదా తమరు గెలిపించినారు! ఇదిగో లైసెన్సు."

"అది తుపాకీకి. కాళ్ళకేది? ఇది మాలకొండమ్మ పట్టా భూమి. ఆమె రమ్మంటేనే రావాలి. కంచె దాటడానికి నీకా అధికారం ఎక్కడిది?"

నారాయణయ్య కంచె లోపల గొర్రెల మధ్య నిలబడ్డ మాలకొండమ్మ వైపు చూశాడు.

"నేను రమ్మనలా" అంది ఆమె, గొర్రెల్ని తోలే కర్రను చేతిలోకి తీసుకుంటూ.

ఎత్తిన కాలు మెల్లగా వెనక్కి దిగింది. తుపాకీ పేలకుండానే వచ్చిన దారిన పోయింది.

ఆదెయ్య రొప్పుతూ చేరుకున్నాడు. "ఏందయ్యా ఇది! ఈ మాట దారిలోనే చెప్పుంటే నా ప్రాణం నిమ్మళంగా ఉండేది గదా!"

"కచేరీ దాకా నా నోరు సర్కారుదిరా. అయినా, ఈ మునసబు మంచివాడు గనక తుపాకీని ఆపాడు. రేపొచ్చేవాడు గొర్రెల్నే ఆపమని దండోరా వేస్తే? మునసబులు మారతారు. పట్టా మారదు."

మాలకొండమ్మ కొంగు విప్పి రేగిపళ్ళు ముందుకు పట్టింది. "తినండయ్యా."

"నాకు పెట్టడానికి నీకా..."

"నా బీడు. నా రేగిచెట్టు."

జనార్దనయ్య నోరు తెరిచాడు. తెరిచిన నోరు వృథా పోకుండా ఒక పండు వేసుకున్నాడు.

తిరుగుదారిలో ఎద్దులు నడిబాటలో ఆగి, తీరిగ్గా పడుకున్నాయి. ప్రశ్న ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని ఆదెయ్య వెనక్కి తిరిగి చూశాడు.

వకీలుగారి రెండు బుగ్గల నిండా రేగిపళ్ళే.