మందు ఇంకని గడ్డ

మహారాష్ట్రలోని చంద్రపూర్ గోల్ బజార్‌లో ప్రేమలత, ఆమె భర్త వినాయక్ స్టీలు సామాన్ల దుకాణం నడిపేవారు. ఎండాకాలంలో అతని కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లనుకుని ఆకుమందు వేయించారు. తగ్గలేదు. నాగపూర్‌లో పరీక్షలు చేసి క్లోమానికి క్యాన్సర్ అన్నారు. రక్తనాళాలను చుట్టుకుందని, ఆపరేషన్ కుదరదని కీమో మొదలుపెట్టారు.

కీమోలు అవుతున్నా గడ్డ తగ్గలేదు. ఎందుకో డాక్టరమ్మ మరాఠీలో ఓపిగ్గా చెప్పింది. ఆ గడ్డలో జబ్బు కణాలు తక్కువేనట. వాటి చుట్టూ శరీరానికి ఆసరాగా ఉండే మామూలు కణాలు చేరి, గాయం మానినచోట చర్మం బిరుసెక్కినట్టు గట్టిపడ్డాయి. మందు లోపలికి సరిగా ఇంకడం లేదు.

ఇంటికొచ్చి అత్త అనసూయమ్మకు ఇదంతా తెలుగులో చెప్పబోతే ప్రేమలతకు మాటలు వెంటనే దొరకలేదు. జబ్బు చుట్టూ కణాలు చేరి గట్టిపడ్డాయని ఎలాగో చెప్పింది.

"గవి యాడికెల్లి వచ్చినయి? రోగానియేనా?" అని అడిగింది అత్త.

"కాదత్తమ్మా, మన ఒంట్లయే. దెబ్బ తాకిందనుకొని మాన్పుతున్నయట."

"అయితే గవాటినే తీసెయ్యమను."

ఆ మాట ప్రేమలత డాక్టరమ్మను అడిగే వచ్చింది. ఆ కణాలను తీసేసే మందులు వాడి చూస్తే కొన్నిచోట్ల జబ్బు ఇంకా తొందరగా పాకిందట. ఆ కణాల్లో కొన్ని మందుకు అడ్డం పడతాయి, కొన్ని జబ్బును పట్టి ఆపుతాయి. వాటిని విడదీసి కొట్టే మందు కోసం ఇంకా వెతుకుతున్నారు.

చూడవచ్చిన చుట్టాలంతా మందెందుకు పనిచేయడం లేదని అడిగేవారు. మొదట్లో ప్రేమలత అంతా చెప్పేది. తర్వాత్తర్వాత "పడుతలేదు" అని ఊరుకునేది.

ఒకసారి నాగపూర్ నుంచి తిరిగొస్తుంటే, రైలు మాజ్రి స్టేషన్ దాటాక వినాయక్ కళ్లు మూసుకునే అన్నాడు.

"ఇగ నన్ను తీస్కపోకు. మందెక్కిచ్చిన వారమంత మంచంల్నే ఉంటున్న. ఉన్నన్ని దినాలు దుకాణంల కూసుంట."

ప్రేమలత వాదించలేదు. సరేనన్నాక ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. ఒళ్లంతా నొప్పులుగా మాత్రం అనిపించింది.

డాక్టరమ్మ కూడా కాదనలేదు. నొప్పికి మాత్రలు రాసింది. దసరా దాకా వినాయక్ మధ్యాహ్నాలు దుకాణంలో కూర్చుని, వచ్చినవాళ్లతో టిఫిన్ డబ్బాల మూతల గురించి మాట్లాడాడు. దీపావళికి ముందు పోయాడు.

దినాలయ్యాక ప్రేమలత షట్టర్ ఎత్తింది. ఆ మొదటి రోజే గల్లా మీద తల ఆనించి నిద్రపోయింది. కుక్కర్ కొనడానికొచ్చినామె లేపకుండా, స్టూలు జరుపుకుని కాసేపు కూర్చుంది.