టెలిఫోను రిజిస్టరులో ఆరో గడి

మా పంచాయతీ సమితి ఆఫీసుకు టెలిఫోను వచ్చిన ఏడాది నేను హైదరాబాదులో లా రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎండాకాలం సెలవులకు నార్కట్‌పల్లి దగ్గరి మా ఊరికి వస్తే సమితి అధ్యక్షుడు నన్నూ, నాతో చదివే మిత్రుణ్ణీ పిలిపించాడు. ఆ ఫోను ఊళ్ళవాళ్ళు కూడా వాడుకోవచ్చట. దానికి నియమాలు రాసిమ్మన్నాడు.

"మీ లా సదువు గిప్పుడన్న అక్కరకు రానీయుండ్రి," అని నవ్వాడు.

ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు వరండాలో నిలబడాలన్నది మిత్రుడు రాసిన నియమం. తేదీ, వేళ, ఫోను చేసేవాళ్ళ పేరు, ఊరు, ఎవరికి చేస్తున్నారు, ఎందుకు అన్నవన్నీ రిజిస్టరులో ఆరు గళ్ళలో ఎక్కించాలని, దాన్ని ఎవరైనా చూడవచ్చని నేను రాశాను. ఆ చివరి మాట భూమి రికార్డుల నియమంలోంచి తెచ్చి అతికించాను. భూమి విషయంలో అది మంచి నియమమే.

"గీ ఆరో గడెందుకురా? ఇంటి ముచ్చట గూడ రాయిస్తవా?" అన్నాడు మిత్రుడు.

"దాన్నెవడు సదువుతడురా? నీకు ఫికరెక్కువ," అన్నాను.

అధ్యక్షుడు చదవకుండానే సంతకం పెట్టాడు.

దసరా సెలవులకు వచ్చి ఆఫీసులో అధ్యక్షుడి దగ్గర కూర్చున్నాను. పక్క ఊరి నుంచి బర్రె పాలు అమ్ముకునే ఆమె వచ్చింది. పెనిమిటి హైదరాబాదులో క్షయతో దవాఖానలో ఉన్నాడు. అంతకు వారం ముందు ఆయన ఎట్లున్నాడో కనుక్కోవడానికి ఇక్కడి నుంచే ఫోను చేసింది. అప్పటి నుంచి ఆమె పాలు ఎవరూ పోయించుకోవడం లేదు.

"సారూ, నీ ఒక్కనికే చెప్పిన గద! అందర్ని వరండల నిలవెడితివి. మరి ఊరంత ఎట్ల ఎరుకైంది?" అని ఫోను దగ్గర కూర్చునే గుమాస్తాను అడిగింది.

"నేను నోరు తెర్వలేదమ్మా. ఆరో గడిల రాసిన, గంతే. రూలు గట్లుంది."

రిజిస్టరు బల్ల మీదే ఉంది. చాయ తాగడానికి వచ్చినవాళ్ళు పేజీలు తిప్పుతూ కాలక్షేపం చేసేవారని ఆ గదిలో అందరికీ తెలుసు.

"రూలు మీదికి నూకకు. ఆడిమనిషి ఇంటి ముచ్చట బయటవెడ్తవా?" అని అధ్యక్షుడు కేకలేశాడు. గుమాస్తా ఒక్కసారి నా వైపు చూశాడు. ముసాయిదా నా చేతిరాతలో ఉందని ఆయనకు తెలుసు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

నెల తిరగకముందే గుమాస్తాను దూరపు సమితికి బదిలీ చేశారు. తర్వాతి సెలవుల్లో ఆరో గడి కొట్టేసి కొత్త ముసాయిదా ఇస్తే, అధ్యక్షుడు నా భుజం తట్టాడు. ఆ మెప్పు కూడా కిమ్మనకుండా తీసుకున్నాను.

ఇప్పటికీ మా వైపు ఆ గుమాస్తా మాటొస్తే, నోట్లో నువ్వుగింజ నానని మనిషి అంటారు. ఆయన ఎవరికీ చెప్పలేదు. రాయాలని పెట్టింది నేను, ఎవరైనా చూడవచ్చని పెట్టిందీ నేనే. ఆమె పాలు మళ్ళీ ఎవరైనా పోయించుకున్నారో లేదో ఆనాడు నేను కనుక్కోలేదు.