బార్డోలీ దారిలో తంగేడు

సద్దుల బతుకమ్మకు ముందురోజు ఉదయం ఆరున్నరకు మా వలస తెలుగువాళ్ల వాడ గోడాదరాలో ఆటో ఎక్కాం, నేనూ పక్కింటి సత్తెమ్మక్కా. అది కరోనా రెండో ఏడు. మొదటి ఏడు ఊళ్లో సత్తెమ్మక్క తల్లి పోతే, రైళ్లు లేక అక్క కడసారి చూపుకు కూడా వెళ్లలేకపోయింది. ఈసారి అమ్మ పేర్చినట్టే అడుగున తంగేడు పెట్టి బతుకమ్మను పేర్చాలని పట్టుబట్టింది. తంగేడున్న చోటు చూపించాల్సింది నేను.

ఏడుంబావుకు బార్డోలీ బస్సు. మాస్కు లేనిదే కండక్టర్ ఎక్కనివ్వలేదు. తెచ్చుకున్న జొన్నరొట్టెలు చెరకు తోటలు మొదలయ్యేసరికే అయిపోయాయి. ఎనిమిదింటికి బార్డోలీకి ముందు స్టాపులో దిగి, పొలాల వెంట అరగంట నడిచాం. మీరెవరైనా వెళ్లాలనుకుంటే ఇక ఆ శ్రమ అక్కర్లేదు. గట్టు మీద ఒక్క పొదా లేదు.

చేనులో ఉన్న రైతు మమ్మల్ని గుర్తుపట్టాడు. "పోయినేడు రెండు టెంపోల్లో వచ్చింది మీరే కదా, బెన్?" అని అక్కచెల్లెళ్లను పిలిచినట్టు పిలిచి హిందీలో అడిగాడు.

మేమే. నోట్లో నువ్వుగింజ నానదు నాకు, ఈ చోటు సంగతి మా వాడలో అందరికీ చెప్పేశాను. ఎవరి బతుకమ్మ ఎత్తుగా ఉంటే వాళ్లదే గొప్ప కాబట్టి పొదల్ని మొదళ్ల దాకా విరుచుకుపోయాం. కాయ కట్టడానికి ఒక్క పువ్వూ వదల్లేదు.

"ఆ పూలకే తుమ్మెదలొచ్చేవి. నా కందిపూత మీదా అవే వాలేవి. మీరు విరిచాక మోడులే కదా అని జేసీబీతో తీయించేశాను. తుమ్మెదలు రాలేదు. పట్టి ఉంచే వేళ్లు లేక వానలకు గట్టూ కోసుకుపోయింది," అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఉత్త మట్టి మీద నాలుగు పసుపు సీతాకోకచిలుకలు తిరుగుతున్నాయి, తంగేడాకు మీద గుడ్లు పెట్టేవి. సత్తెమ్మక్క అక్కడే కూలబడింది.

"గివి గూడ మన లెక్కనే ఎతుక్కుంట వచ్చినయి," అంది. నాకు ఏడుపు ఆగలేదు.

పదకొండింటికి తిరుగు బస్సు. ఖాళీ బుట్ట చూసి పక్కసీటామె సంగతి అడిగింది. తమ ఊరి రోడ్డు పొడుగునా ఆ పూలేనని ఊరి పేరు కూడా చెప్పింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అక్కా, దిగి పోదమా? పిడికెడే తెంపుకుందం."

"పోయినేడు గూడ గట్లనే అన్నం గదనే."

అంతలో వాడ నుంచి సత్తెమ్మక్కకు ఫోన్. "దొరికిందా ఏంది? మాకు గూడ జర తేర్రి!"

"యాడ లేదు. బంతిపూలు కొనుర్రి," అని పెట్టేసి, కిటికీ వైపు తిరిగింది. "అమ్మకు ఏం జెప్పాలె?" అంది.

మా వాడ దగ్గరి పర్వత్ పాటియాలో ఖాళీ బుట్టతోనే దిగాం. తంగేడున్న ఆ ఊరి పేరు సత్తెమ్మక్క నోరు దాటదు. నా మీద నాకే నమ్మకం లేదు. ఇది రాస్తూ కూడా రెండుసార్లు ఆ పేరు రాసి కొట్టేశాను.