చాటల మధ్య చదివిన సముద్రం

ఆర్మూర్ గ్రంథాలయంలో కిటికీ పక్కన ఒక ఇనుప బీరువా ఉంది. దాని మీద తెల్ల రంగుతో 'అనువాదాలు' అని రాసి ఉంటుంది. మిగతా బీరువాలు రోజూ తెరిచే ఉంటాయి. దీని తాళం మాత్రం ఎవరైనా అడిగితేనే తీస్తారు. నేను తప్ప అడిగేవాళ్లు తక్కువ.

పదో తరగతి తప్పాక నేను మళ్లీ బడి మొహం చూడలేదు. నాకు తెలిసిన ప్రపంచమంతా ఆ గ్రంథాలయంలో నేర్చుకున్నదే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. నిరుడు మార్కెట్‌కు పసుపు బస్తాలు వస్తున్న రోజుల్లో, మళ్లీ కొత్త పసుపు వచ్చేలోగా ఆ బీరువా మొత్తం చదివేయాలని పట్టు పట్టాను.

కష్టమల్లా ఒక్కటే. నేను బీడీలు చుడతాను. ఒళ్లో చాట పెట్టుకుంటే రెండు చేతులూ ఆకులో, తంబాకులో ఉంటాయి. పుస్తకం పట్టుకునేది ఎవరు?

దారి చూపించింది మా వాడకట్టు పెద్దమ్మ. ఆమె ఇంటి అరుగు మీదే మేం ఐదుగురం ఆడవాళ్లం కూర్చుని బీడీలు చుట్టేది.

"నువ్వు సదువవే. నీ వంతు బీడీలు మేం తలా ఇన్ని చుడతం. మా చేతులకే గదా పని, చెవులు ఖాళీగనే ఉన్నయి" అంది.

అలా మొదలైంది. నేను గోడకు ఆనుకుని చదువుతుంటే నలుగురూ చుట్టేవాళ్లు. మంచు దేశాల కథలు, ఎడారి కథలు, ఎవరికీ కనిపించని ఊళ్ల కథలు చదివాను. ఎండాకాలమంతా ఒక రాజకుమారి రెక్కల మృగం మీద ఎగురుతూనే ఉంది. ఆ మృగం కొండంత ఉంటుందనీ, నిప్పులు కక్కుతుందనీ చదివిన రోజు పెద్దమ్మ దారం తెంపడం ఆపింది.

"గంత పెద్ద జానవర్ దినాం ఏం తింటదే?"

"పుస్తకంలో రాయలేదు పెద్దమ్మా."

"అయితే రాసినాయన పశువులను సాకలే."

"ఇది ఊహాసాహిత్యం" అన్నాను గొంతు సవరించుకుని.

"ఊహ అయితే మాత్రం ఆకలి గాదా?"

అందరూ నవ్వారు. నవ్వనిది ఒక్కతే, మా ఎదురింటి చెల్లె. ఆమె భర్త గల్ఫ్‌లో ఉంటాడు. అతను పనిచేసే కంపెనీ మూతపడిందని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి అతని ఫోన్ కలవడం లేదు. అత్తగారింట్లో ఎవరిని అడిగినా ఒకటే మాట, జర ఆగు, ఫోన్ వస్తది అని. చెల్లె ఆగుతోంది. మాటలు తగ్గించింది, బీడీలు మాత్రం అందరికంటే ఎక్కువ చుట్టేది.

వానాకాలం మధ్యలో ఒక సముద్రపు నవల చేతికొచ్చింది. ఎక్కడో ఉత్తరాన చేపలు పట్టేవాళ్ల ఊరు. భర్త ఓడ ఎక్కి వెళ్తాడు, భార్య ఒడ్డున ఎదురుచూస్తుంది. అన్ని నెలల్లో ఏ పుస్తకం గురించీ ఒక్క ముక్క అడగని చెల్లె, దీనికి మాత్రం రోజూ నేను పుస్తకం తెరవగానే అడిగేది. "వచ్చిండా అక్కా?"

ఆ ప్రశ్నకు భయపడి నేను ముందుగానే ఇంట్లో చివరిదాకా చదివేశాను. ఓడ మునిగింది. అతను రాడు.

మర్నాడు అరుగు మీద ఆ పేజీ రాగానే నా సొంత మాటలు అందుకున్నాను. అతను వేరే ఓడలో చిక్కిపోయి, గడ్డం పెరిగి ఇంటికొచ్చాడని, భార్య గుర్తుపట్టలేదని, గొంతు విని పరుగెత్తిందని, ఎక్కడా తడబడకుండా చెప్పి పుస్తకం మూసేశాను. పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. చెల్లె ఆకు కత్తిరిస్తూనే ఉంది. మంచి పని చేశాననుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, రాసినవాడికి నేనేం తీసిపోనని కూడా అనుకున్నాను.

ఆ మర్నాడు నేను బీడీలు కార్ఖానాలో ఇచ్చి వచ్చేసరికి, అరుగు మీద వదిలి వెళ్లిన పుస్తకం చెల్లె ఒళ్లో ఉంది. చాట పక్కన పెట్టి ఉంది.

"అక్కా, ఆయన వచ్చిన మాట ఏ పేజీల ఉన్నది? చూపియ్యి."

నేను పుస్తకం కోసం చెయ్యి చాపాను. చెల్లె ఇవ్వలేదు.

"నాకు సదువు రాదనుకున్నవా? నువ్వు పదోది తప్పినవు, నేను పాసైన."

"ఏందే?" అంది పెద్దమ్మ. "అంటే ఆయన రాలేదా? ఉత్తగనే ఏడిపిచ్చినవా నన్ను?"

"నువ్వు బాధ పడతవని, చెల్లె..."

"బాధ పడత. పడితే ఏమైతది?" ఆమె గొంతు పెంచలేదు. "ఆయన రాలే. సరే. దాని ఎనుక ఇంక ఇరవై పేజీలున్నయి గద. ఆయన రాకుంటె ఆమె ఏం జేసిందో, గది సదువకుంట ఎందుకు మూసినవు? నాకు కావాల్సిందే గది."

ఇన్ని నెలల్లో బీరువా సగం చదివిన నాకు ఆ సంగతి తట్టలేదు. ఆమెను కాపాడుతున్నాననుకుని, ఆమె వెతుక్కుంటున్న పేజీలే నేను దాచిపెట్టాను.

"తప్పయింది" అన్నాను. "సదువుకున్నవా అవి?"

"లేదు. అందరి ముంగట నువ్వే సదువు. ఉన్నది ఉన్నట్టు."

చదివాను. నవలలో ఆ భార్య చలికాలమంతా ఒడ్డున కూర్చుంటుంది. తర్వాత ఒకరోజు నడిచి పట్నం పోతుంది. ఓడ కంపెనీ గుమాస్తా మళ్లీ రమ్మంటాడు. ఆమె తడిసిన శాలువాతో గుమ్మంలోనే కూర్చుంటుంది. ఓడ ఎక్కినవాళ్ల పేర్ల పుస్తకం తెచ్చి చూపించేదాకా లేవదు.

"ఆగు" అంది చెల్లె. "గా గుమ్మం కాడిది మల్లొకసారి సదువు."

మళ్లీ చదివాను.

రెండు రోజుల తర్వాత చెల్లె మా ఇంటి ముందు నిలబడింది. భర్త పాస్‌పోర్టు జిరాక్సు, వీసా కాగితం కవర్లో పెట్టుకుని ఉంది. అతన్ని పంపిన ఏజెంటు ఆఫీసు నిజామాబాద్‌లో ఉంది. ఇంట్లోవాళ్లు వద్దన్నారట. వద్దన్నా పోతోంది, తోడుగా నన్ను రమ్మంది.

బస్సు మాక్లూర్ దాటేదాకా ఆమె కిటికీలోంచి మక్కజొన్న చేన్లు చూస్తూ కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏజెంట్ ఏం చెప్పినా నాకే చెప్పనియ్యి అక్కా. నువ్వు నడుమల వొచ్చి బాగు చెయ్యకు."

సరేనన్నాను.