కుంగే నేల మీద దారి

మా తమ్ముడు లేండర్ట్ ముప్ఫై ఆరేళ్ళుగా వీధుల్లో ఇటుకలు పరుస్తున్నాడు. మా గౌడా పట్నం చుట్టుపక్కల జనం నడిచే దారుల్లో సగం వాడు మోకాళ్ళ మీద కూర్చుని, సుత్తితో ఒక్కొక్క ఇటుకా తట్టి కూర్చినవే. సొంత ఇల్లు మాత్రం వాడికి పట్టలేదు. యాభై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా పెళ్ళి మాట ఎత్తలేదు, పెరట్లో దారి మాటా ఎత్తలేదు. పక్కింట్లో ఉండే అక్కను కాబట్టి రెండిటి గురించీ నేనే సతాయించాను. ఎత్తితే మాత్రం రెండూ ఒకే ఏడాది నెత్తికెత్తుకున్నాడు.

పెళ్ళికూతురి పేరు ఫెన్నా. అరవై ఒక్కేళ్ళు. ఉత్తరాన గ్రోనింగెన్ వైపు మనిషి, కర్టెన్లు కుట్టేది. మొదటి భర్త పోయి పన్నెండేళ్ళయింది. మాటకు మాట అప్పచెబుతుంది గానీ చేతికి పిసినారి కాదు. మా వాళ్ళందరూ కాఫీతో ఒక్క బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత పెట్టేస్తే, ఫెన్నా డబ్బాను బల్ల మీదే తెరిచి ఉంచుతుంది. ఆ ఒక్క గుణానికే నాకు నచ్చేసింది. అక్టోబరులో ఒక సోమవారం పొద్దున తొమ్మిదింటికి, టౌన్‌హాల్లో ఉచితంగా పెళ్ళి చేసే వేళ చూసుకుని ఇద్దరూ వెళ్ళి సంతకాలు పెట్టి వచ్చారు. హనీమూన్ మే నెలలో, ఆస్ట్రియా కొండలకు అనుకున్నారు.

ఇద్దరిలో ఎవరూ కొండ ముఖం చూసినవాళ్ళు కాదు. మా ఊళ్ళో ఎత్తయినదంటే కాలువ గట్టే. ఫెన్నా వంటింటి బల్ల మీద పటం పరిచి, రైలు ఎక్కడ మారాలో, ఏ ఊళ్ళో మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి తీగ మీద పైకి లాగుతారో పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంది. పెట్టెలో మన చీజూ, రొట్టె మీద చల్లుకునే చాక్లెట్ నూకా ఉండాలని లేండర్ట్ షరతు పెట్టాడు. పరాయి దేశంలో పొద్దున్నే ఏం పెడతారోనని వాడి బెంగ. టాయిలెట్ గోడకు వేలాడే పుట్టినరోజుల క్యాలెండర్లో మే పన్నెండు పక్కన "కొండ" అని రాసింది ఫెన్నా. దాంతో లోపలికి వెళ్ళొచ్చిన చుట్టాలందరికీ సంగతి తెలిసిపోయింది.

ఇక దారి సంగతి. మా ఊరి నేలంతా నీళ్ళు పీల్చుకున్న నల్లమట్టి. ఇళ్ళు లోతుకు దించిన దుంగల మీద నిలబడతాయి కాబట్టి కదలవు, పెరళ్ళు మాత్రం ఏటేటా కుంగుతాయి. కొన్నేళ్ళకోసారి దొడ్డి గుమ్మానికి ఒక మెట్టు అదనంగా కట్టుకోక తప్పదు. లేండర్ట్ గుమ్మానికి అప్పటికే మూడు మెట్లున్నాయి, వాటి కింద గుంటలూ గడ్డీ. ఫెన్నా బట్టలారేయడానికి వెళ్ళి రెండుసార్లు తూలింది. ఊరందరికీ దారులు వేసేవాడి పెళ్ళాం సొంత పెరట్లో తూలడమేమిటని నవంబరులో వాడికి పౌరుషం వచ్చింది. శనివారాలన్నీ పని చేసి, గుమ్మం నుంచి కాలువ దాకా మంచి ఇసుక పోసి ఎర్ర ఇటుకతో దారి వేశాడు.

పని అయిన రోజు ఫెన్నా గుమ్మంలో నిలబడి చూసి, నడిమధ్య వంకర పోయిందంది.

"నా వరస వంకరా?" అన్నాడు వాడు.

"కోపమెందుకు? వంకరగా ఉంది కాబట్టి వంకరంటున్నా."

వాడు దారం కట్టి చూపించాడు. దారం కూడా వంకరేనంది. వారం పాటు ఇద్దరికీ మాటల్లేవు. తీర్పు చెప్పమని నన్ను పిలిచారు. నేను ఒక కన్ను మూసి మరీ చూశాను. ఇటుకల వరసలో వెంట్రుకవాసి తేడా లేదు. అప్పుడు నాకు ఫెన్నా కళ్ళ మీద అనుమానం వచ్చింది. తలుపు చట్రం చూపించి ఇది ఎలా ఉందని అడిగాను. అదీ వంకరేనంది.

కంటి డాక్టరు చెప్పింది ఇదీ. చూపులో నడిభాగం అరిగిపోతోంది. ఎడమ కంట్లో చాలామట్టుకు పోయింది, కుడి కంట్లో మొదలయింది. ఎదురుగా చూసేది మాసిపోతుంది, అంచుల్లో కాస్త మిగులుతుంది. ఇంకెన్నాళ్ళని అడిగితే ఏడాది అన్నాడు, తక్కువైనా ఆశ్చర్యపోవద్దన్నాడు.

అక్కణ్ణుంచి ఆలుమగలిద్దరూ చెరో వైపు లాగారు. మే దాకా ఎందుకు, ఫిబ్రవరిలోనే వెళ్ళిపోదామని ఫెన్నా. రేపు నీకు కాళ్ళే ఆధారం, తడబడితే నేరుగా కాలువలో పడతావు, ముందు ఇరవై ఏళ్ళు కదలని దారి వేసిగానీ ఊరు కదలనని లేండర్ట్. జనవరి వానలకు వాడి దారి నడుమ నిజంగానే కుంగి ఉంది మరి. ఇద్దరిదీ న్యాయమే. నేను తమ్ముడి వైపు మాట్లాడాను. కొండలెక్కడికీ పోవులే అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

వాడు ఇటుకలన్నీ పీకి, ఇంకా ఇసుక పోసి, దిమ్మిస కొట్టి మళ్ళీ పరిచాడు. మా నేల మీద ఇసుక పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది, బరువు పెరిగేకొద్దీ నేల కుంగుతుంది. ఇప్పటి కుర్రాళ్ళు అడుగున థర్మాకోల్ దిమ్మలు పేర్చి, పైన పల్చగా ఇసుక వేస్తారు. ఆ పని నువ్వూ చేయరాదా అన్నాను.

"టీవీ డబ్బాలో కుక్కే సరుకు మీద నన్ను ఇటుక పరవమంటావా అక్కా? రేపు ఊళ్ళో తలెత్తుకోగలనా?"

వాడి తలపొగరు వాడిది. ఏప్రిల్ చివరికి దారి నాలుగు వేళ్ళ లోతు దిగింది. వాడు క్యాలెండర్లో మే పన్నెండు కొట్టేసి సెప్టెంబరు కాగితం మీద "కొండ" అని రాశాడు.

ఆ మధ్యాహ్నం ఫెన్నా మా ఇంటికొచ్చింది. కాఫీ చల్లారిపోయినా ముట్టుకోలేదు.

"కొండలు పోవు వదినా, నిజమే. కావాలంటే టీవీలో చూడొచ్చు. కానీ మీ తమ్ముడు పుట్టి బుద్ధెరిగాక కొండ చూడలేదు. చూసినప్పుడు ఏం ముఖం పెడతాడో, అది చూద్దామని నాకు. అదొక్కటే."

వాడితో నేను చెబుతానని లేచాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"చెప్పకు. చెబితే ముఖం ముందే తయారు చేసుకుని వస్తాడు."

వాడికి చెప్పలేదు. జూన్‌లో ఫెన్నా కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసింది. కాఫీ వంచితే కప్పు పక్కన పడేది. నాతో మాట్లాడుతూ నా భుజం వైపు చూసేది. జూలైలో ఒకరోజు కుంగినచోట కాలు మెలికపడి బోర్లా పడింది, రెండు అరచేతులూ గీరుకుపోయాయి. లేచి, చేతులు కడుక్కుని లోపలికెళ్ళింది. లేండర్ట్ గుమ్మంలో నిలబడి అదంతా చూశాడు. సోమవారం పట్టపగలు, నలుగురూ చూస్తుండగా పెద్దవీధిలోంచి బండెడు థర్మాకోల్ దిమ్మలు తోలుకొచ్చాడు. ఆగస్టులో దారి పూర్తయింది. ఇప్పటిదాకా చీమంత కూడా కదలలేదు.

సెప్టెంబరులో ఆస్ట్రియా వెళ్ళారు. అక్కడ జరిగింది తిరిగొచ్చాక ఫెన్నా చెబితేనే నాకు తెలిసింది. తీగ మీది కుర్చీ ఇద్దరినీ పైకి లాగింది. దిగినచోట అంతా రాళ్ళు. చుట్టూ ఉన్న జనమంతా ఒక్కసారి ఊరుకున్నారట, మబ్బు తొలగి ఎదుట కొండ బయటపడింది కాబోలు. ఆ క్షణం కోసమే ఫెన్నా పది నెలలు కాచుకుంది. మొగుడి వైపు తిరిగి నేరుగా చూసింది. తల పక్కకు తిప్పి, కంటి కొసల్లోంచి మళ్ళీ చూసింది.

"నీ చెవులు కనిపిస్తున్నాయి లేండర్ట్," అంది. "టోపీ కనిపిస్తోంది. మధ్యలో ఏమీ లేదు."

అప్పుడు చెప్పిందట, కొండకు ఎందుకు రావాలనుకుందో, ఎందుకు తొందరపడిందో, అంతా.

"పోనీ నువ్వే చెప్పు," అంది ఫెన్నా. "ఏం ముఖం పెట్టావు?"

"ఏడుస్తున్నా."

"కొండను చూసా?"

"కొండనింకా చూడలేదు ఫెన్నా," అన్నాడు మా తమ్ముడు. "ఇక్కడన్నీ రాళ్ళు. ఎక్కడ తూలిపోతావోనని నీ కాళ్ళే చూస్తున్నా."