పెద్దయ్యకు పడని వెల్లుల్లి

నిజం చెప్పండి, కూర నోట్లో పెట్టుకోగానే వండిన చేతి కులం మీ నాలుకకు తెలుస్తుందా? నా చిన్నప్పుడు, మస్కట్‌లో, తెలుస్తుందని నమ్మిన ఒక పెద్దమనిషిని చూశాను.

మా అమ్మ, పక్కింటి అక్క ఒకే ఆసుపత్రిలో నర్సులు. అక్కడ సెలవు రోజైన శుక్రవారం, మా తెలుగు క్రైస్తవ సంఘం ప్రార్థనకు ఎవరి గిన్నె వాళ్లు తెచ్చి అందరం పంచుకుని తినేవాళ్లం. మా సంఘం పెద్దయ్య అన్ని గిన్నెల్లోంచీ వడ్డించుకుని, అక్క గిన్నె దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. "నాకు వెల్లుల్లి పడదమ్మా" అనేవాడు. అక్క పుట్టిన పేట పేరు ఆయనకు తెలుసు, అసలు సంగతి అది. మతం మారినా కులాన్ని ఊరి నుంచి భద్రంగా తెచ్చుకున్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లూ ఆ గిన్నెను దాటిపోసాగారు. ఇక ప్రార్థనకే రానని అక్క ఒకరోజు మా అమ్మతో అంది. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "ఒక్కసారి మాత్రం వస్తాను పిన్నీ" అంది.

ఆ శుక్రవారం సంఘమంతా పాత మస్కట్‌లో పోర్చుగీసు సన్యాసుల మఠం చూడటానికి వెళ్లాం. కప్పు లేదు, సముద్రపు గాలికి పెళ్లలు రాలుతున్న గోడలే. భోజనశాలలో నిలబడి పెద్దయ్య ప్రసంగించాడు. అక్కడ దొర కొడుకూ జాలరి కొడుకూ ఒకే బల్ల దగ్గర తిన్నారట. అక్క ఎక్కడా కనపడలేదు. డ్యూటీ పడిందేమో అనుకున్నాను.

మధ్యాహ్నం దగ్గర్లోని గోవా ఆంటీ హోటల్లో కూర్చున్నాం. పోర్చుగీసువాళ్లు గోవాలో వదిలి వెళ్లిన వంట ఆమెది. వెనిగర్‌లో, వెల్లుల్లిలో ఊరబెట్టి వండిన చేప వచ్చింది. పెద్దయ్య రొట్టెతో పళ్లెం తుడిచి తుడిచి తిన్నాడు. "వంటంటే ఇదీ. మనవాళ్లకి ఈ చెయ్యి రాదు" అన్నాడు.

అప్పుడు వంటగది తెర తొలగించుకుని, గరిటె పట్టుకుని అక్క వచ్చింది. ఆ పూట పొయ్యి తనకిమ్మని ఆంటీని ముందే అడిగి పెట్టుకుందట.

"ఇంకో ముక్క వెయ్యమంటారా అయ్యగారూ? వెల్లుల్లి కాస్త గట్టిగానే పడింది మరి."

చివరి ముద్ద నములుతున్న పెద్దయ్య దవడ ఆగిపోయింది. ఉమ్మలేడు, మింగలేడు, అందరం చూస్తున్నాం. చివరికి మింగాడు. మా అమ్మ పళ్లెం చాచి, "నాకెయ్యవే పిల్లా" అంది. తర్వాత మిగతా పళ్లేలూ లేచాయి.

పెద్దయ్య ముఖం కందిపోయినందుకు నాకు జాలి కలగలేదు. జుట్టు నెరిసిన ఇవాళ్టికీ కలగదు. ఆయన్ని క్షమించమని తర్వాత అక్కకు చెప్పినవాళ్లెవరూ, వారం వారం ఆ నిండు గిన్నెను ఇంటికి మోసినవాళ్లు కారు. అవమానం ఎంతమంది ముందు జరిగిందో, బదులూ అంతమంది ముందే తీర్చుకోవాలని అక్క నాకు నేర్పింది. మస్కట్‌లో మనవాళ్లుండే అల్ మవాలే ఇళ్లల్లో నేటికీ అలాంటి చేతులు వెనక్కి పోతున్నాయి. సాకులే మారాయి, షుగరట, డైటట. ఈ శుక్రవారం మీ బల్ల మీద ఒక గిన్నె ఒంటరిగా మిగిలితే, ముందు మీరు వడ్డించుకోండి. ఆ తర్వాత, దాన్ని దాటిపోయిన మనిషిని పేరు పెట్టి పిలిచి, ఎందుకు తినలేదో అందరూ వినేలా అడగండి.