నాన్న చూపించిన బోడ్రుమ్

మా చిన్నప్పుడు... మస్కట్‌లో మా ఫ్లాట్ వంటింటి తలుపుకి ఒక పాత క్యాలెండర్ బొమ్మ ఉండేది. నీలం సముద్రం, ఒడ్డున కోట, పక్కన విరిగిన రాతి స్తంభాలు... టర్కీలో బోడ్రుమ్ అనే ఊరు. ఏడాది అయిపోయినా అమ్మ దాన్ని తీయనిచ్చేది కాదు.

అమ్మ డిగ్రీలో చరిత్ర చదివింది. పప్పుకి తిరగమోత పెడుతూనే చెప్పేది... వేల ఏళ్ళ క్రితం అక్కడ రాజు పోతే, రాణి లోకం అబ్బురపడేంత సమాధి కట్టించిందట. భూకంపాలకి అది కూలిపోతే, తర్వాత వచ్చినవాళ్ళు ఆ రాళ్ళు పట్టుకెళ్ళి కోట కట్టుకున్నారట. ఒక్కసారి చూపించండీ అని నాన్నని అడిగేది.

"వచ్చే సెలవులకి చూద్దాంలేవే" అనేవారు నాన్న. కంపెనీ టిక్కెట్టు ఇచ్చేది సొంతూరికే... ఆ నెల్లాళ్ళూ చుట్టాల పెళ్ళిళ్ళకే సరిపోయేవి.

ఒక శుక్రవారం పొద్దున్నే పులిహోర కట్టించి మమ్మల్ని కారెక్కించారు. సూర్ అనే ఊరి వైపు మట్టిరోడ్డు... ఒళ్ళు హూనమైపోయింది. సముద్రం పక్కన, పైకప్పు కూలిన ఒక పాత కట్టడం ముందు ఆపి, "ఇదేనర్రా బోడ్రుమ్!" అన్నారు. నేనూ తమ్ముడూ గంతులేశాం.

"ఇది కల్హాత్ అండీ! బోర్డు మీద రాసుంది" అంది అమ్మ.

"అయితే ఏంటటా? ఇక్కడా రాణి మొగుడికి కట్టించిన సమాధే అంటున్నారు. సముద్రం ఉంది. ఇంకేం కావాలే నీకు?"

అమ్మ నవ్వలేదు. పులిహోర ముట్టలేదు. ఆ తర్వాత నాన్న ఎక్కడికి బయల్దేరదీసినా "ముందు బోర్డు చదవండర్రా" అని దెప్పేది. నాన్న ఉన్నన్నాళ్ళూ దెప్పింది.

నాన్న పోయి మూడేళ్ళు. పోయినేడు సెలవు పెట్టి అమ్మని నిజం బోడ్రుమ్‌కి తీసుకెళ్ళాను. కోట బాగానే ఉంది. సమాధి ఉన్నచోట మాత్రం పెద్ద గొయ్యి... అడుగున విరిగిన రాళ్ళు, అంతే!

అమ్మ బోర్డంతా చదివి, బెంచీ మీద కూలబడింది.

"ఇంతేనా అమ్మాయ్? మీ నాన్న చూపించినదానికి గోడలైనా ఉన్నాయే..."

"ఆ రోజు పులిహోరైనా తినాల్సింది" అంటూ ఏడ్చేసింది.

అమ్మా నేనూ ఇంకా మస్కట్‌లోనే ఉంటున్నాం. ఇప్పుడు సూర్‌కి నున్నటి హైవే. మొన్న శుక్రవారం అమ్మ పులిహోర కలిపి, "కల్హాత్ పోదామా అమ్మాయ్?" అంది. వారమంతా డ్యూటీ చేసి సోఫాలో పడున్నాను... "వచ్చే వారం చూద్దాంలే అమ్మా" అనేశాను.

అని నాలిక కరుచుకున్నాను. నాన్నకీ వారానికి ఆ ఒక్క శుక్రవారమే కదా సెలవు... పాపం, ఎంత అలిసిపోయి ఉండేవారో! అయినా ఆ మట్టిరోడ్డు మీద కారు తీశారు.

మీ ఇంట్లోనూ ఇలా ఏమార్చి ఊరు చూపించినవాళ్ళున్నారా? ఉంటే నాకూ చెప్పండి... వాళ్ళింకా ఉంటే మాత్రం, బాగుందని ముందు వాళ్ళకే చెప్పండి.